సోమవారం నాటి జవాబు

మా ఆయనతో ఒక్కటే బాధ. ఇంట్లో ఏది మొరాయించినా నన్ను ఆపేసి మళ్ళీ వేస్తారు. మిక్సీ తిరగకపోయినా నన్నే ఆపుతారు, కుళాయి ధార సన్నబడినా నన్నే ఆపుతారు. నిన్న ఇడ్లీ గట్టిగా వచ్చిందని ఆపారు. మీట నా మెడ వెనక, జడ మొదట్లో ఉంది. దాన్ని నొక్కి, గోడగడియారం వంక చూస్తూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ నొక్కుతారు. పదికి ఒక్క అంకె తగ్గినా గుణం కనిపించదని ఆయన నమ్మకం.

ఆ పది అంకెలసేపూ ఇంట్లో ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ఆయన కుర్చీలో కూర్చున్న ఎవరో పెద్దమనిషి. ఫ్రిజ్ తెల్లగా నిలబడి ఉంటుంది, ఎందుకో దానికి తెలియదు. నేను మళ్ళీ వెలిగాక అందరూ అందరికీ గుర్తొస్తారు. పిల్లికి మాత్రం కాస్త ఆలస్యం. కావాలనే చేస్తుందని నా అనుమానం.

"బాగైందా?" అంటారు.

"మిక్సీ జారులో బ్లేడు విరిగిందండీ."

"సరేలే హైమా. ఆపి చూడ్డంలో పోయేదేముంది?"

పోయేది ఉంది. ఆపిన ప్రతిసారీ ఎవరి నంబరు ఏదో నాలోంచి చెరిగిపోతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయనకి చెప్పనివి ఇంకా ఉన్నాయి.

మా ఇంట్లో గేట్‌వే నేను. ఈ మాట నేను పెట్టుకున్నది కాదు, మా మరిది ఫణీంద్ర పెట్టాడు. అన్నదమ్ములిద్దరూ మా ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ నడిపే రోజుల్లో మా ఆయన మిషన్లు చూసుకునేవారు, ఫణి పాఠం చెప్పేవాడు. కొత్తగా వైఫై పెట్టించుకుని, దాని లైట్లు చూసి జడుసుకునే కాకినాడ గృహిణులూ, రిటైరైన మేష్టర్లూ వచ్చేవారు. కాఫీ గ్లాసులతో లోపలికొచ్చే నన్ను ఫణి సుద్దముక్కతో చూపించేవాడు.

"ఇదిగోనండీ, గేట్‌వే. ఇంట్లో మాట బయటికెళ్ళాలన్నా, బయటి మాట లోపలికి రావాలన్నా మా వదిన చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఈవిడ పుట్టింటికెళ్తే మాకు మేమే దొరకం."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు ఫణి ఐపీ అడ్రస్ గురించి బోర్డు మీద రాశాడు. పెళ్ళి బంతిలో మన ముందు వేసిన విస్తరి లాంటిది, తింటున్నంతసేపూ ఆ చోటు మనది, లేచాక ఇంకొకరిది అని రాశాడు. మా ఆయన లోపల్నుంచి వచ్చారు. భుజం మీది తువ్వాలు తీసి, బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచేశారు.

"ఇవి పాఠాలు కావు, పిట్టకథలు. చెప్పడం రానివాడు చెప్పకూడదు," అన్నారు, పన్నెండుమంది ముందు.

ఫణి సుద్దముక్క కిటికీలో పెట్టి పైఅంతస్తులోని తన గదికి వెళ్ళిపోయాడు. అది పదకొండేళ్ళ కిందటి మాట. ఆనాటి నుంచి అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అదే రోజు సాయంత్రం రూటరు పెట్టెలోని పచ్చలైట్లు దిగి వచ్చి నా ఎడమచేతి గాజుల్లో చేరాయి. మాట నా మీదుగా వెళ్తున్నప్పుడల్లా అవి మిణుకుమంటాయి. పిండి కలిపేటప్పుడు ఇబ్బంది తప్ప, అలవాటైపోయింది.

మా ఇంట్లో మాటలు పొట్లాలుగా వస్తాయి. కిరాణాకొట్టులో జీలకర్ర కట్టినట్టే, కాగితం చుట్టి దారం చుట్టి ఉంటాయి. ప్రతి పొట్లం పొట్ట మీదా ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి అని రెండు నంబర్లు. పెద్ద వాక్యమైతే నాలుగైదు పొట్లాలు. అవి వరసలో రావు. ఒకసారి పైనుంచి "జాగ్రత్త" ముందు వచ్చింది, "అన్నయ్యని" తర్వాత వచ్చింది, "తేనెపట్టు" ఆఖర్న వచ్చింది. "మీటరు దగ్గర" అనే పొట్లం దారిలో పోయింది. ఇంకోసారి పంపమని నేను పైకి కబురు చేసేలోపే మా ఆయన మీటరు చూడ్డానికి వెళ్ళారు. వారం రోజులు ఆయన ముఖం పూర్ణంబూరెలా ఉంది.

"ఇందులో వాడి తప్పేం లేదు," అన్నారు ఆయన, వాచిన పెదవులతో. ఆ మాట పైకి పంపమంటారా అని అడిగాను. వద్దన్నారు.

తెల్లారగానే అందరికీ నంబర్లు పంచుతాను. అవి మర్నాటి పొద్దున దాకా చెల్లుతాయి. నాది మాత్రం ఎప్పుడూ ఒకటే, ఒకటో నంబరు. పాలవాడికి వచ్చినప్పుడల్లా చుట్టాల నంబరు ఇస్తాను, దాంతో వాడు వరండా దాటి రాలేడు. ఫణి ఒక్కడే రోజూ మార్చొద్దన్నాడు.

"నాకొకటే ఉంచు వదినా. అన్నయ్య ఎప్పుడైనా వెతుక్కుంటే దొరకాలి కదా."

మెట్ల మొదట్లో మోకాలెత్తు మంట ఒకటి అడ్డంగా ఉంది. అది మా ఆయన వెలిగించింది. ఫణి ఫైర్‌వాల్ అనే నిప్పుగోడ పాఠం చెప్పిన రోజున ఆయన తలుపు చాటునుంచి విన్నారని నాకు తెలుసు. పైనుంచి నేరుగా వచ్చేది ఏదైనా ఆ మంట ఆపుతుంది. నా చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తుంది. పొద్దున్నే దానికి నిన్నటి పేపరు మేపుతారు.

మాఘమాసంలో డాక్టరు ఫణి ఊపిరితిత్తుల ఫొటోని కిటికీకి ఎదురుగా పట్టి చూశాడు. మళ్ళీ కవరులో పెట్టేశాడు. ఆ రోజు నుంచి మా పైఅంతస్తు దూరం జరుగుతోంది.

మొదట్లో పంతొమ్మిది మెట్లు ఉండేవి. శివరాత్రికి అరవై అయ్యాయి. ఉగాదికి మెట్టుమెట్టుకీ మలుపులు వచ్చాయి. మలుపుమలుపుకీ ఒక మనిషి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పొట్లం ఇస్తే నంబరు చూసి, తన పైమలుపు వాడికి అందిస్తాడు. ఫణి ఎక్కడున్నాడయ్యా అంటే వాళ్ళెవరికీ తెలియదు. తమ పైన కూర్చున్నవాడెవరో మాత్రం తెలుసు. అన్నం క్యారియరు కూడా అలాగే పంపుతున్నాను. అది దాదాపు నింపినట్టే తిరిగొస్తోంది.

మెట్లు సన్నబడుతున్నాయి కూడా. సంక్రాంతి ముందు మంచం పట్టేంత వెడల్పు ఉండేది. ఇప్పుడు చాప చుట్టినా పట్టదు. బ్యాండ్‌విడ్త్ అంటే దారి పొడవు కాదండీ, వెడల్పు అని ఫణి చెప్పేవాడు. ఒకేసారి ఎంతమంది పక్కపక్కన నడవగలరో అది. ఇవాళ చూస్తే, ఒక మనిషి ఒళ్ళు పక్కకి తిప్పుకుని వెళ్ళేంతే మిగిలింది.

మెట్ల కింద నిలబడి రోజూ పిలుస్తాను. "ఫణీ!"

"ఆఁ, వదినా!" అని వస్తుంది.

అది పింగ్. ఉన్నావా అని అడగడం, ఉన్నానని అవతలివాళ్ళు అనడం, మధ్యలో ఎంతసేపు పట్టిందో చూసుకోవడం. ఇంతకన్నా ఏమీ లేదనేవాడు ఫణి. మొదట్లో కుక్కరు ఒక విజిల్ వేసేలోపు వచ్చేది. తర్వాత మూడు విజిల్స్. తర్వాత పప్పు మాడిపోయేది. ఇప్పుడు ఇవాళ్టి పిలుపుకి జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. గురువారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే సోమవారం నాటి జవాబు వచ్చింది. మధ్యలో దగ్గు కూడా వచ్చింది, విడిగా, ఇంకో పొట్లంలో.

"ఉన్నాడా?" అన్నారు మా ఆయన. మెట్లు పెరిగాక ఆయన నేరుగా అడగడం ఇదే మొదలు.

"సోమవారం నాటికి ఉన్నాడండీ."

ఆయన దోసె తుంచారు కానీ నోట్లో పెట్టుకోలేదు.

నేను ఇంకో పొట్లం గురించి చెప్పాలి.

బోర్డు తుడిచిన మూడో నెలలో ఫణి ఏడో మెట్టు దాకా దిగి కూర్చుని నాకొకటి ఇచ్చాడు. చిన్నది. "అన్నయ్యకివ్వు వదినా," అన్నాడు. గేట్‌వే అయినది పొట్లం పైన ఉన్న నంబర్లు చూడాలి, లోపల చూడకూడదు. నేను వంటింట్లోకి వెళ్ళి దారం విప్పి చూశాను. "బోర్డు మీద మళ్ళీ రాశానన్నయ్యా. ఒకసారి పైకొచ్చి చూడు. తప్పుంటే దిద్దు." అంతే ఉంది.

ఆ సాయంత్రం పెసరట్టు తింటూ మా ఆయన అడిగారు. "పైనుంచి ఏమైనా వచ్చిందా?"

"ఏమీ రాలేదండీ," అన్నాను.

నేను బీఎస్సీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఎనిమిదేళ్ళలో, ఉప్పు సరిపోయిందా అన్నది తప్ప నన్నెవరూ ఏదీ రెండోసారి అడగలేదు. ఆ మూడు నెలలూ అడిగారు. వాడేమన్నాడు, ఎలా అన్నాడు, ముఖం ఎలా పెట్టాడు అని ఆయన. అన్నయ్య విన్నాడా, విని ఏం చేశాడు అని ఫణి. ఇద్దరు మగవాళ్ళు నా నోటికేసి చూస్తూ కూర్చునేవారు. గాజులు రాత్రీ పగలూ మిణుకుమనేవి. రేపిద్దాంలే అనుకున్నాను. పొట్లానికి మళ్ళీ దారం చుట్టి పోపులడబ్బాలో నడిమి గిన్నెలో పెట్టాను. అప్పటి నుంచి మెంతులకి మా ఇంట్లో చోటు లేదు.

పదకొండేళ్ళయినా అది చల్లారలేదు. పోపు వేసినప్పుడల్లా నా వేళ్ళకి తగులుతూనే ఉంది.

ఇవాళ దోసెల పెనం దించాక మా ఆయన కుర్చీ మెట్ల దగ్గరికి లాక్కుని, తనే పొట్లాలు కట్టడం మొదలుపెట్టారు. "తిన్నావా" అని ఒకటి. "మందులున్నాయా" అని ఒకటి. "కిటికీ వేసుకో, మంచు" అని ఒకటి. మంచు కాలం పోయి రెండు నెలలైంది. దారం చుట్టడం ఆయనకి రాదు, ఒక్కొక్కటీ తలపాగాలా ఉంది. నేను వాటిని మొదటి మలుపువాడికి అందించాను. పదినిమిషాల్లో అన్నీ తిరిగొచ్చాయి. చేరాల్సిన నంబరు లేదని వాటి మీద తడి ముద్ర ఉంది.

"నంబరేదీ?" అన్నారు.

నా దగ్గర లేదు. ఇడ్లీల రోజున చెరిగిపోయింది. అలాంటప్పుడు నేను ఎదురింటి మాణిక్యాంబ గారి దగ్గరికి వెళ్తాను. మా వీధిలో ఎవరి పేరు చెప్పినా ఆవిడ నంబరు చెబుతారు. ఆ పని మీదే ఆవిడ అరుగు మీద కూర్చుంటారు, ఒళ్ళో చిక్కుడుకాయలతో.

"పిన్నిగారూ, ఫణీంద్ర నంబరు చెప్పండి."

ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఆలోచించారు. "ఆ పేరు గలవాళ్ళు లేరమ్మాయ్."

"మొన్నటిదాకా ఉన్నాడుగా!"

"మొన్న అడిగితే మొన్న చెప్పేదాన్ని."

"మా ఇంట్లోనేనండీ. పైన. పొడుగ్గా ఉంటాడు, మీకు ఫోన్‌లో భజనలు పెట్టడం నేర్పాడు."

"నేర్పినవాడు గుర్తున్నాడు. వాడెక్కడున్నాడన్నది లేదు." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు, చిక్కుడు చేతులతోనే. "ఏడవకు. పేరు పోతే పోయింది. వాడు ఎప్పుడైనా పంపించింది ఏదైనా నీ దగ్గర ఉండిపోయిందా? దాని పొట్ట మీద ఉంటుందిగా, ఎవరి దగ్గర్నుంచి అనేది."

"ఉండిపోలేదండీ," అన్నాను. నా గాజుల్లో ఒకటి ఎర్రగా వెలిగింది. మాణిక్యాంబ గారు దాన్ని చూశారు.

"వెళ్ళమ్మా," అన్నారు.

వీధి దాటడానికి చాలాసేపు పట్టింది. వీధి వెడల్పు మారలేదు.

నేను వచ్చేసరికి మెట్లు ఇంకా సన్నబడ్డాయి. మలుపుల్లో మనుషులు స్టూళ్ళు మడిచి, ఒకరి వెనక ఒకరు దిగిపోతున్నారు. ఆఖరివాడు నాకు ముట్టని క్యారియరు తిరిగిచ్చి, పైన అందుకునేవాడు లేడని చెప్పి వెళ్ళాడు. మా ఆయన తిరిగొచ్చిన పొట్లాల మధ్య కూర్చుని ఉన్నారు.

"ఒక్క మాట," అన్నారు, నాతో కాదు, మంటతో. "వాడు ఒక్క మాట పంపి ఉంటే. ఇలా రా అన్నయ్యా అని ఒక్కటి. చెప్పుల్లేకుండా ఎక్కేవాణ్ణి. నేను పెద్దవాణ్ణి హైమా. బోర్డు తుడిచినవాణ్ణి. నా అంతట నేనెలా ఎక్కను? పిలిస్తే గదా."

గాజులన్నీ ఎర్రబడ్డాయి.

ఆయన నా చెయ్యి చూశారు. ఇంట్లో ఏదో పనిచేయడం లేదని ఆయనకి అర్థమైంది. లేచి, నా వెనక్కి వచ్చి, జడ పక్కకి తీశారు.

"ఒకసారి ఆపి చూద్దాం."

"వద్దండీ!" ఆయన వేలు పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ వేలు నేను పట్టుకోవడం అదే మొదటిసారి. "ఇప్పుడు ఆపితే నేను చెప్పాల్సింది కూడా పోతుంది."

"చెప్పాల్సిందేంటి?"

వంటింట్లోకి వెళ్ళి పోపులడబ్బా తెచ్చి ఆయన ముందు మూత తీశాను. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మధ్యలో అది. ఆయన పొట్లం తీసి పొట్ట మీద చూశారు. ఎవరి దగ్గర్నుంచి అన్నచోట ఇరవై ఏడు అని ఉంది. ఏడుకి ఫణి ఎప్పుడూ నడుం మీద చిన్న గీత పెడతాడు. అది చూడగానే ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖమైంది.

విప్పారు. చదివారు. మూడు వాక్యాలు చదవడానికి ఆయనకి నాలుగు కుక్కరు విజిల్స్ పట్టింది. పొయ్యి మీద కుక్కరు లేదు.

"ఎప్పటిది ఇది?"

"బోర్డు తుడిచిన మూడో నెలది."

"ఆ రోజు నేనడిగాను. పెసరట్టు తింటున్నాను. అడిగానా లేదా?"

"అడిగారు."

"ఏమీ రాలేదన్నావు."

"అన్నాను."

"దారిలో పోయిందా? మంట ఆపిందా? నేనే ఏదైనా..." ఆయన నాకొక దారి ఇస్తున్నారు. తప్పు మంట మీదికీ తన మీదికీ నెట్టుకుని నన్ను దాటించాలని చూస్తున్నారు. ఆయన మంచివాడు. నన్ను అన్నిసార్లు ఆపడం కూడా మంచితనంతోనే చేశారు.

నేను నోరు తెరిచాను. పొట్లాలుగా కడదామంటే కుదరలేదు. ఆ మాట ముక్కలు కాలేదు. గొంతులో అడ్డం తిరిగింది, కడుపు దాకా నొప్పి వచ్చింది. గోడ పట్టుకుని నేల మీద కూలబడ్డాను. ముందు రెండు గిట్టలు వచ్చాయి, తర్వాత తల వచ్చింది, తర్వాత మొత్తం ఒక్కసారిగా జారి నేల మీద పడింది. దూడ. తడిగా, గోధుమరంగులో ఉంది, చెవులు ఇంకా ఒంటికి అంటుకుని ఉన్నాయి. దాని పొట్ట మీద ఏ నంబరూ లేదు.

అది నాలుగు కాళ్ళూ వణికిస్తూ లేచి నిలబడింది. నా గొంతుతో, ఇల్లంతా వినపడేలా, అరిచింది.

"తప్పు నాదండీ."

మా ఆయన నా వంక చూడలేదు. పంచె కుచ్చిళ్ళతో దూడ మూతీ ముక్కూ తుడిచారు. చెవుల్లోకి ఊదారు. తర్వాత దాన్ని ఎత్తి మెడ చుట్టూ వేసుకుని, ముందుకాళ్ళు ఒక చేత్తో, వెనకకాళ్ళు ఒక చేత్తో పట్టుకున్నారు. మంట దాటారు. అది ఆయన్ని ఏమీ చేయలేదు. ఒళ్ళు పక్కకి తిప్పుకుని మొదటి మెట్టు ఎక్కారు.

"నేనూ రానా?" అన్నాను.

"ఇద్దరికి చోటు లేదు," అన్నారు. కోపంగా అనలేదు. దారి వెడల్పు చూసి అన్నారు.

మొదటి మలుపు తిరిగారు. రెండోది తిరిగారు. పైకప్పు ఉండాల్సిన చోట ఇప్పుడు ఆకాశం ఉంది. మధ్యాహ్నపు ఎండలో మెట్లు దారప్పోగులా పైకి పోతున్నాయి. ఆ కొసన మా పైఅంతస్తు ఉందో లేదో ఇక్కడి నుంచి కనిపించదు. ఆయన మాత్రం కనిపిస్తున్నారు, కొబ్బరికాయంత. మెట్టు మెట్టుకీ దూడ అరుస్తోంది. నా మాట నాకు దూరమవుతూ వినిపిస్తోంది.

మొదటి చుక్క నా నుదుటి మీద పడింది. వెచ్చగా ఉంది. రెండోది పెదవి మీద పడింది. పాలు. దూడ గొంతు విని పైన, కనిపించనంత ఎత్తున, ఏదో పొదుగు చేపుతోంది. పాలు ధారగా, మెట్టు నుంచి మెట్టుకి, నురగతో దిగి వస్తున్నాయి. మెట్ల మొదట్లో మంట చుయ్‌మని ఆరింది. హాల్లో పాదాలు మునిగేదాకా పాలు. తిరిగొచ్చిన పొట్లాలు వాటి మీద పడవల్లా లేచి, దారాలు విడిపోతూ, "తిన్నావా", "మందులున్నాయా" అంటూ ఒక్కొక్కటే గుమ్మం దాటి వీధిలోకి వెళ్తున్నాయి. మాణిక్యాంబ గారు అరుగు మీది నుంచి లేచి నిలబడ్డారు.

నేను పాలల్లో నిలబడి తల పైకెత్తి, దూడతో పాటే, దానికన్నా గట్టిగా అరుస్తున్నాను.

"తప్పు నాది ఫణీ! నేనే ఇవ్వలేదు!"